ఇంట్లో జపమాల ఆగిపోకుండా నడపడం ఎలా?

సాయంత్రం జపమాల చెప్పే అలవాటు చాలా కథోలిక ఇళ్ళలో ఎందుకు పోతోందని అడిగితే, భక్తి తగ్గిందని కొందరు, ఫోన్లు వచ్చాయని కొందరు అంటారు. మన తిరుపతి, చిత్తూరు వైపు ఇళ్ళలో నేను చూసినంతలో అసలు కారణం వేరే. ఆ ఇంట్లో జపం నడిపించేది ఒక్కరే. అవ్వో, అమ్మో. ఆవిడ కూతురి కాన్పుకని ఊరెళ్తే ఆ రోజు నుంచే జపం ఉండదు. మిగతావాళ్ళకు "పరిశుద్ధ మరియమ్మా" అని అందుకోవడం వచ్చు గానీ మొదలుపెట్టడం రాదు. విశ్వాస సంగ్రహం (మనం నమ్మేవాటిని ఒప్పుకుంటూ చెప్పే జపం) సగంలో ఆగిపోతుంది, ఈ రోజు ఏ దేవరహస్యాలో (జపమాలలో తలుచుకునే యేసు, మరియమ్మల జీవిత ఘట్టాలు) ఎవరికీ గుర్తుండదు, "రేపు చెప్పుకుందాంలే" అని లేస్తారు.

కాబట్టి కొత్తగా మొదలుపెట్టేవాళ్ళయినా, ఆగిపోయినదాన్ని మళ్ళీ ఎత్తుకునేవాళ్ళయినా, మాల కొనడంతో కాదు, మనుషులతో మొదలుపెట్టండి.

మొదటి పని: నడిపించేవాళ్ళను పంచుకోండి

ఒక రోజుకు ఐదు దేవరహస్యాలు. ఇంట్లో ఐదుగురుంటే తలా ఒకటి. ముగ్గురుంటే ఇద్దరికి రెండేసి వస్తాయి, ఫరవాలేదు. భార్యాభర్తలు ఇద్దరే అయితే ఒకటి వదిలి ఒకటి నడపండి. నడిపించడమంటే ఆ దేవరహస్యం పేరు చెప్పి, పరలోక జపం (యేసు నేర్పిన జపం) మొదలుపెట్టి, పది మంగళవార్త జపాల్లో (మరియమ్మకు వందనం చెప్పే జపం) మొదటి సగం చెప్పి, త్రిత్వ స్తోత్రంతో ముగించడం. అంతే. మూడు నాలుగు నిమిషాల పని.

ఏడెనిమిదేళ్ళ పిల్లలకు కూడా ఒకటి ఇవ్వండి. ముందు సంతోష దేవరహస్యాల్లో మూడోది ఇస్తే సులభం. యేసు పుట్టుక కాబట్టి క్రిస్మస్ పశువుల పాకను చూసిన ఏ పిల్లవాడికైనా ఆ కథ తెలుసు. ఇక్కడ పెద్దలకు ఒక్కటే నియమం: పిల్లలు నడిపిస్తున్నప్పుడు మధ్యలో సరిదిద్దకండి. పది బదులు తొమ్మిదైనా, పదకొండైనా పోనివ్వండి. జపం మధ్యలో "ఒరేయ్, ఒకటి ఎగ్గొట్టావు" అని నాన్న అన్నాడంటే ఆ పిల్లవాడు మరుసటి రోజు నోరు విప్పడు. చెప్పాల్సింది ఉంటే అన్నం తినేటప్పుడు చెప్పండి.

ఇంటికి చుట్టాలొస్తే వాళ్ళకూ ఒకటి అప్పజెప్పండి. మొహమాటపడతారు, అయినా చెబుతారు.

మాల, దాన్ని పట్టుకునే తీరు

మాలకు మొత్తం 59 పూసలు. పెద్దవి 6, అవి పరలోక జపానికి. చిన్నవి 53, అవి మంగళవార్త జపానికి. వేళాంకన్నికి వెళ్ళినవాళ్ళు తెచ్చిచ్చే మాలలు దాదాపు ప్రతి ఇంట్లో రెండు మూడు ఉంటాయి, కొత్తది కొనాల్సిన పని పడదు. ఆశీర్వాదం చేయించనిదైతే ఆదివారం గుడిలో (చర్చిలో) పూజ అయ్యాక ఫాదర్ గారి చేతికివ్వండి, ఒక్క నిమిషంలో ఆశీర్వదించి ఇస్తారు. తెగిపోయి ఇక బాగుచేయలేని మాలను చెత్తబుట్టలో వేయకండి. ఆశీర్వదించిన వస్తువు కాబట్టి మట్టిలో పూడ్చాలి, లేదా కాల్చాలి. అపార్ట్‌మెంట్‌లో ఉంటే గుడిలో ఇచ్చేయడం తేలిక.

రోజువారీ వాడకానికి గాజు పూసల కన్నా నూలుదారంతో ముడులు వేసి అల్లిన మాల మేలని నా అభిప్రాయం. సన్నటి తీగతో కట్టిన గాజు మాలలో పెద్ద పూస దగ్గర కొక్కెం ముందు విచ్చుకుంటుంది, అక్కడి నుంచి ఊడిపోతుంది. పిల్లల చేతికిస్తే వారం కూడా ఆగదు.

వరుస ఇది. సిలువ పట్టుకుని సిలువ గుర్తు వేసుకోండి, విశ్వాస సంగ్రహం చెప్పండి. మొదటి పెద్ద పూస మీద పరలోక జపం. తర్వాతి మూడు చిన్న పూసల మీద మూడు మంగళవార్త జపాలు, విశ్వాసం, నమ్మిక, ప్రేమ పెరగాలని. త్రిత్వ స్తోత్రం. అక్కడి నుంచి మొదటి దేవరహస్యం: పేరు చెప్పడం, ఒక పరలోక జపం, పది మంగళవార్త జపాలు, త్రిత్వ స్తోత్రం. దాని వెంట "ఓ నా యేసువా" అని మొదలయ్యే ఫాతిమా జపం చాలామంది చెబుతారు. ఇలా ఐదు. చివర మరియమాతను రాణిగా పిలిచి వేడుకునే జపం, ఓపిక ఉన్న రోజు దేవమాత ప్రార్థన (మరియమాతను వరుసగా ఎన్నో పేర్లతో పిలిచి వేడుకునే పొడవైన ప్రార్థన). దేవమాత ప్రార్థన రోజూ ఉండాల్సిందేనని పట్టుబట్టి పిల్లలను మోకాళ్ళ మీద నిలబెట్టే ఇళ్ళు నాకు తెలుసు. శనివారానికి ఉంచుకుంటే చాలు.

ఏ రోజు ఏవి

సోమవారం, శనివారం సంతోష దేవరహస్యాలు. మంగళవారం, శుక్రవారం దుఃఖ దేవరహస్యాలు. బుధవారం, ఆదివారం మహిమ దేవరహస్యాలు. గురువారం వెలుగు దేవరహస్యాలు.

మీ అవ్వ గురువారం సంతోష దేవరహస్యాలు, శనివారం మహిమ దేవరహస్యాలు చెబుతుంటే ఆమె మతిమరుపు అనుకోకండి. 2002 వరకు అదే పద్ధతి. ఆ ఏడాది అక్టోబరులో రెండవ జాన్ పాల్ పోపు గారు వెలుగు దేవరహస్యాలను చేర్చారు, గురువారం వాటికి పోయింది, సంతోషం శనివారానికి జరిగింది. కొత్తవాటిని ఆయన సూచించారే గానీ బలవంతం చేయలేదు. కాబట్టి దీని మీద ఇంట్లో వాదన పెట్టుకోకండి. ఆ రోజు నడిపించేది ఆమె అయితే ఆమె చెప్పినవే.

ఈ వారం పట్టికను ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి జపం చెప్పుకునే గోడకు అంటించండి. ఇరవై దేవరహస్యాల పేర్లూ అందులో ఉండాలి. "ఈ రోజు ఏమిటి?" అని ఫోన్ తీసి వెతకడం మొదలైతే వాట్సాప్ కనిపిస్తుంది, ఆ తర్వాత జపం ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

సమయం

గడియారం చూసి "ఏడున్నరకు" అని పెట్టుకుంటే నిలబడదు. ఇంట్లో ఎలాగూ జరిగే పనికి ముడిపెట్టండి. పల్లెల్లో అయితే సాయంత్రం కేంద్రానికి పాలు పోసి వచ్చి కాళ్ళు కడుక్కున్నాక. టౌన్లో పిల్లలు ట్యూషన్ నుంచి వచ్చాక, అన్నం ముందు. అన్నం తిన్నాక పెట్టుకోవద్దనే చెబుతాను. సంగటి తిని కూర్చున్న మనిషి రెండో దేవరహస్యానికి తూగుతాడు, ఆయన్ను లేపడమే ఒక పని అవుతుంది.

జపమాల మొత్తం పదిహేను, ఇరవై నిమిషాలు. అంత తీరిక లేని రోజు ఒక్క దేవరహస్యమే చెప్పండి. ఐదూ ఒకే కూర్చోవడంలో చెప్పాలన్న కట్టడి లేదు, పొద్దున రెండు సాయంత్రం మూడు చెప్పుకున్నా జపమాలే. అసలు జపమాల చెప్పకపోతే పాపమని కూడా శ్రీసభ (కథోలిక సంఘం) ఎక్కడా అనలేదు. ఆదివారం పూజకు వెళ్ళడం కట్టడ, ఇది ఇష్టంతో చేసేది. రెండింటినీ తారుమారు చేసి, ఇంట్లో జపమాల చెప్పాం కదా అని ఆదివారం గుడి మానేయడం కుదరదు. పూజ జరుగుతుండగా వెనక బెంచీలో మాల తిప్పడం కూడా పాత అలవాటే. పూజకు ముందు చెప్పుకోండి, పూజలో పూజ చూడండి.

తిరుపతిలో ఉండేవాళ్ళకు ఒక మాట. మరియమాత నెల మే. గంగమ్మ జాతర వచ్చేదీ అప్పుడే. జపమాల నెల అక్టోబరు. బ్రహ్మోత్సవాలు ఆ దరిదాపుల్లోనే పడతాయి. ఆ రోజుల్లో దారులు మళ్ళిస్తారు, సాయంత్రం గుడికి వెళ్ళి రావడానికే గంటలు పడుతుంది. అలాంటి వారాల్లో ఇంట్లో జపం ఉండటం ఎంత హాయో అప్పుడు తెలుస్తుంది. మైకుల మోత ఉందని చిరాకు పడకండి, కిటికీ వేసుకుని కాస్త గొంతు పెంచండి. మన క్రిస్మస్ అర్ధరాత్రి పూజ మైకును పక్కింటివాళ్ళు ఏళ్ళ తరబడి భరిస్తున్నారు.

వేగం

జపమాలలో పిల్లలకు విసుగు, పెద్దలకు కోపం తెప్పించేది వేగమే. "దేవ వరప్రసాదముచేత నిండిన మరియమ్మా, వందనము" అని నడిపించేవాళ్ళు ఇంకా అంటుండగానే అవతలివాళ్ళు "పరిశుద్ధ మరియమ్మా" అందుకుంటారు. వీళ్ళు ముగించేలోపు వాళ్ళు మళ్ళీ మొదలెడతారు. పది జపాలు నిమిషంన్నరలో అయిపోతాయి. ఒక మాటా బయటికి వినపడదు.

దీనికి మందు ఒకటే. మొదటి సగంలో "యేసు" అన్న పేరు దగ్గర ఆగాలి. ఆ పేరు స్పష్టంగా పలికి, ఒక చిన్న ఊపిరి తీసుకుని, అప్పుడు ఆ వాక్యం ముగించాలి. నడిపించేవాళ్ళు అలా చేస్తే జవాబిచ్చేవాళ్ళు తొందరపడలేరు. వేరే ఏ ఉపదేశమూ ఇవ్వక్కర్లేదు.

పిల్లలు తొందరపెడితే ఫాతిమా పిల్లల సంగతి చెప్పండి, నవ్వుతారు. 1917లో పోర్చుగల్‌లోని ఫాతిమాలో మరియమాత దర్శనం పొందిన లూసియా, ఫ్రాన్సిస్కో, జసింతా గొర్రెలు కాచుకునే పిల్లలు. లూసియాకు పదేళ్ళు, మిగతా ఇద్దరూ ఆమె కన్నా చిన్నవాళ్ళు. మధ్యాహ్నం తిన్నాక జపమాల చెప్పాలని ఇంట్లో పెద్దల ఆజ్ఞ. ఆటకు ఆలస్యమవుతుందని వీళ్ళు ప్రతి పూస మీదా జపంలోని మొదటి రెండు మాటలే అనేసి మాల ముగించేవాళ్ళట. పెద్దయ్యాక లూసియానే ఇది రాసింది. దర్శనాల తర్వాత ఆ పద్ధతి మానేశారనుకోండి. ఫ్రాన్సిస్కోను, జసింతాను 2017లో శ్రీసభ పునీతులుగా ప్రకటించింది.

నోరు చెబుతుంటే మనసు ఎక్కడ ఉండాలి

దేవరహస్యం పేరు చెప్పి వెంటనే జపంలోకి దూకకండి. ఆ ఘట్టం నుంచి రెండు మూడు వాక్యాలు చదవండి. సంతోష దేవరహస్యాలకు ఇది చాలా తేలిక, ఐదూ లూకా శుభవార్త మొదటి రెండు అధ్యాయాల్లోనే ఉన్నాయి. అక్కడ ఒక రిబ్బన్ పెట్టుకుంటే సరి. దుఃఖ దేవరహస్యాలకు మత్తయి లేదా మార్కు శుభవార్త చివరి అధ్యాయాలు తీయండి. మహిమ దేవరహస్యాల్లో చివరి రెండూ, అంటే మరియమాత మోక్షారోపణం (ఆమెను శరీరంతో పరలోకానికి ఎత్తుకోవడం), ఆమెకు కిరీటం పెట్టడం, శుభవార్తల్లో ఘట్టాలుగా కనిపించవు. మోక్షారోపణాన్ని విశ్వాస సత్యంగా 12వ భక్తినాథ (పయస్) పోపు గారు 1950లో ప్రకటించారు, పండుగ ఆగస్టు 15న. ఆ రెండింటికీ చదవడం మాని, ఇంట్లో పోయినవాళ్ళ పేర్లు తలుచుకోండి.

ప్రతి దేవరహస్యానికీ ఒక కోరిక పెట్టుకోవడం మంచి అలవాటు. పరీక్ష రాసే పిల్ల కోసం, ఆస్పత్రిలో ఉన్న పెద్దనాన్న కోసం, పని దొరకని తమ్ముడి కోసం. కానీ ఒక్క వాక్యంతో ఆపండి. కొందరి నోట కోరికలు ఉపన్యాసాలైపోతాయి. "మా కోడలికి అత్తమామలను గౌరవించే బుద్ధి దయచేయి తల్లీ" అని కోడలి పక్కనే కూర్చుని గట్టిగా ప్రార్థించే అత్తగార్లు ఉన్నారు. అది ప్రార్థన కాదు, తగువు.

భాష

ఇంగ్లీషు మీడియం పిల్లలకు తెలుగు జపాల భాష కొరుకుడు పడదు. "గర్భఫలమగు" లాంటి మాటలు వాళ్ళు బడిలో ఎక్కడా వినరు. అర్థం చెప్పి నేర్పించండి, అందాకా వాళ్ళు ఇంగ్లీషులో జవాబిచ్చినా ఊరుకోండి. చిత్తూరు పట్టణంలో, నగరి, కుప్పం వైపు తమిళం మాట్లాడే ఇళ్ళు ఎక్కువ. వేలూరు నుంచి కోడలిని తెచ్చుకున్న ఇంట్లో ఆమె "అరుళ్ నిరైంద మరియే" అని నడిపిస్తుంటే అత్తగారు తెలుగులో అందుకుంటుంది. వినడానికి బాగుంటుంది కూడా. జపం ఒకటే కాబట్టి ఎక్కడ ఆగాలో, ఎక్కడ అందుకోవాలో ఎవరికీ తికమక ఉండదు.

బంధువుల్లో వేరే క్రైస్తవ సంఘాలకు వెళ్ళేవాళ్ళు ఉంటారు. "మరియమ్మకు మొక్కుతారేమిటి?" అని వాళ్ళు అడిగితే లూకా 1:28, 1:42 తీసి చూపించండి. మంగళవార్త జపం మొదటి సగం దేవదూత మాట, ఎలిజబెతమ్మ మాట. రెండో సగంలో మనం అడిగేది మా కోసం ప్రార్థించమనే. అంతకు మించి వాదించకండి, కాఫీ చల్లారిపోతుంది.

నైట్ డ్యూటీ, బస్సు, కువైట్

కూతురు నర్సు, వారంలో మూడు రాత్రులు డ్యూటీ. కొడుకు శ్రీసిటీలో షిఫ్టు, కంపెనీ బస్సులోనే రోజుకు కొన్ని గంటలు. వదిన కువైట్‌లో. ఇప్పుడు చాలా ఇళ్ళు ఇలాగే ఉన్నాయి. అందరూ ఒక చోట కూర్చునే రోజు కోసం ఎదురుచూస్తే ఆ రోజు క్రిస్మస్‌కే వస్తుంది.

బస్సులో వెళ్ళేవాళ్ళకు పది బొడిపెలున్న వేలి ఉంగరం సరిపోతుంది. అదీ లేకపోతే దేవుడిచ్చిన పది వేళ్ళున్నాయి. బైక్ మీద మాత్రం మాల చేతిలో పెట్టుకోకండి, రేణిగుంట రోడ్డు మీద లారీల మధ్య రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉండాలి. రికార్డు చేసిన జపమాలను ఇయర్‌ఫోన్లో పెట్టుకుంటే మంచిదే, కానీ నోరు కదపండి. ఇంట్లో టీవీలో జపమాల పెట్టి ఎవరి ఫోన్ వాళ్ళు చూసుకోవడం జపమాల కాదు, సంగీతం.

ఫోన్లో కలిసి చెప్పుకునే ఇళ్ళకు ఒక కిటుకు. గ్రూప్ కాల్‌లో అందరూ ఒకేసారి జవాబిస్తే గొంతులు వెనకా ముందూ అయి గోల గోలగా ఉంటుంది, రెండో రోజుకే విసిగిపోయి మానేస్తారు. నడిపించేవాళ్ళు ఒకరు, జవాబిచ్చేవాళ్ళు ఒకరు, ఈ ఇద్దరి మైకులే తెరిచి ఉండాలి. మిగతావాళ్ళు మ్యూట్‌లో పెట్టి తమ ఇంట్లో తాము గట్టిగా చెప్పుకోవాలి. తర్వాతి దేవరహస్యానికి జంట మారాలి. కువైట్ మనకన్నా రెండున్నర గంటలు వెనక. మనకు రాత్రి తొమ్మిదిన్నరైతే అక్కడ ఏడు. ఇళ్ళలో పని చేసేవాళ్ళకు ఏడు గంటలు వంట హడావుడి. కాబట్టి అక్కడివాళ్ళ సెలవు రోజు చూసుకుని వారానికి ఒకసారి పెట్టుకోవడమే నయం.

డ్యూటీలో ఉన్న నర్సమ్మను కాల్‌లోకి రమ్మని పోరు పెట్టకండి. ఆమె వంతు దేవరహస్యాన్ని ఆమె పేరు చెప్పి మీరే నడపండి. తీరిక దొరికినప్పుడు ఆమె ఒక్క మంగళవార్త జపం చెప్పుకుంటుంది.

అక్టోబరులో మీ ఇంటికి మాత వస్తే

మన విచారణల్లో (ఒక్కో ఫాదర్ గారు చూసుకునే చర్చి ప్రాంతాల్లో) చాలాచోట్ల అక్టోబరు నెలంతా సాయంత్రం ఒక్కో ఇంట్లో జపమాల పెట్టుకుంటారు. మాత స్వరూపాన్ని ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పాడుకుంటూ తీసుకెళ్తారు. అక్టోబరు 7 జపమాల మాత పండుగ. 1571లో అదే తేదీన లెపాంటో దగ్గర సముద్రంలో జరిగిన యుద్ధం గెలిచినందుకు కృతజ్ఞతగా మొదలైన పండుగ అది.

మీ వంతు వచ్చిన రోజు ఎక్కువ హంగు వద్దు. గోడవారగా ఒక బల్ల, దాని మీద ఉతికిన తెల్లటి గుడ్డ, రెండు కొవ్వొత్తులు, మూరెడు మల్లెపూలు. కొవ్వొత్తుల కింద పళ్ళెం పెట్టండి, లేకపోతే గుడ్డ మీద మైనం పడి మరక పోదు. కూర్చోవడానికి చాపలు, మోకాళ్ళ నొప్పులున్న పెద్దలకు నాలుగు కుర్చీలు పక్కింటి నుంచి ముందే అడిగి తెచ్చుకోండి. ఫ్యాను గాలికి కొవ్వొత్తి ఆరిపోతుంది కాబట్టి బల్లను ఫ్యానుకు దూరంగా వేయండి.

తిండి దగ్గరే గొడవంతా. మొదటి ఇంట్లో బొరుగులు, శనగ గుగ్గిళ్ళు పెడతారు. రెండో ఇంట్లో బోండాలు. మూడో ఇంటికి అది పూరీ, కూర అవుతుంది. నెల సగానికి వచ్చేసరికి, మా ఇంటికి వద్దులెండి అని కూలి పనికి వెళ్ళేవాళ్ళు తప్పుకుంటారు. మాత రావాల్సింది వాళ్ళ ఇంటికే కదా. నెల మొదట్లోనే సంఘపెద్దలు, ఉపదేశి (ఊళ్ళో జపాలు, మతం నేర్పేవారు) కూర్చుని, ఎవరింట్లోనైనా బొరుగులు, టీ మాత్రమే అని తేల్చేయాలి. పెట్టుకునే స్తోమత ఉన్న ఇంటివాళ్ళే ముందు ఈ మాట పాటిస్తే మిగతావాళ్ళు పాటిస్తారు.

ఆ రోజు ఐదు దేవరహస్యాలనూ ఎప్పుడూ నడిపించే ఆ ఇద్దరు పెద్దమ్మలకే ఇవ్వకండి. ఒకటి ఇంటి యజమానికి, ఒకటి యువకులకు, ఒకటి పిల్లలకు. పేర్లు పొద్దున్నే చెప్పి ఉంచితే సాయంత్రం "నువ్వంటే నువ్వు" అనుకోవడం ఉండదు. వెళ్ళేముందు మరుసటి ఇల్లు ఎవరిదో, ఎన్ని గంటలకో అందరి ముందూ ఒకసారి గట్టిగా చెప్పండి. ఆ ఇంటివాళ్ళు రాకపోయి ఉంటే ఆ రాత్రే ఫోన్ చేయండి, పొద్దునకైతే వాళ్ళు పనికి వెళ్ళిపోయి ఉంటారు.